నిప్పు ఇవ్వని స్నేహితురాళ్లు: జాలారిపేట నుంచి ఒక అడ్డపొగ కేసు

ఈ కేసు రాస్తానంటే ఆమె ఒప్పుకుంది. పేరు మాత్రం వద్దంది. "పేటలో ఒక్క ముక్క తెలిస్తే సాలు, ఇంటి గుమ్మం దాకా వచ్చేత్తారు" అంది. అందుకే ఇక్కడ పేరు ఉండదు, ఇంటి గుర్తులు కొన్ని మార్చాను. ఆమె జట్టులోని నలుగురినీ వాళ్లు అమ్మే సరుకును బట్టి పిలుస్తాను. ఆ పిలుపులు వాళ్లకు వినిపించాకే రాస్తున్నాను.

నేను దంతవైద్యురాలిని. నోటి లోపలి జబ్బులు చూడటం నా పని. విశాఖపట్నంలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో పొగాకు అలవాటున్నవాళ్లే ఎక్కువ కాబట్టి, వారంలో ఒక పూట మానాలనుకునేవాళ్ల కోసమే ఉంచుకున్నాను. ఈ పని చేస్తూ నేర్చుకున్నవాటిలో నన్ను బాగా మార్చిన కేసు ఇది.

ఆమెకు 54 ఏళ్లు. హుద్‌హుద్ వచ్చిన ఏడాది, అంటే 2014లో, భర్త కామెర్లతో పోయాడు. అప్పటి నుంచి గంప ఆమె నెత్తికెక్కింది. తెల్లవారుజామున మూడున్నరకు లేచి ఫిషింగ్ హార్బర్‌కు వెళ్తుంది. వేలంలో కోనాం, కవ్వళ్లు, నెత్తళ్లు, ఏవి అందితే అవి పాడుకుని, ఎంవీపీ కాలనీ వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి అమ్మి, మధ్యాహ్నం పన్నెండుకి ఇల్లు చేరుతుంది. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన నలుగురు ఆడవాళ్లతోనే ఈ పొద్దంతా గడుస్తుంది. ఒకామె రొయ్యలు అమ్ముతుంది. ఒకామెది ఎండుచేపల పందిరి. ఒకామె హార్బర్ గేటు దగ్గర టీ కొట్టు నడుపుతుంది, జట్టులో పెద్దది, అందరూ "అప్ప" అంటారు. నాలుగో ఆమె వయసులో చిన్నది, ఐసు వేసి చేపలు ఆటోలో హోటళ్లకు చేరుస్తుంది.

ఈ ప్రాంతం తెలియని పాఠకుల కోసం అడ్డపొగ గురించి కొంచెం చెప్పాలి. మామూలుగా చుట్టకు నిప్పున్న కొస బయట ఉంటుంది. అడ్డపొగలో ఆ కొసే నోట్లో ఉంటుంది. పెదాలు మూసి, నాలుకకూ అంగిలికీ మధ్య నిప్పును ఆపి, పొగ పీలుస్తారు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరం పేటల్లోనూ పల్లెల్లోనూ ఇది ఎక్కువగా ఆడవాళ్ల అలవాటు. ఎందుకని అడిగితే ప్రతివాళ్లకూ కారణం ఉంది. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. బూడిద చేపల మీదో, చంకలో పిల్ల మీదో రాలదు. రెండు చేతులూ తడిగా ఉన్నా పని ఆగదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. పెద్దవాళ్ల ఎదుట కనపడదు. ఎక్కువమంది చెప్పేది మాత్రం పన్ను నొప్పి. మా ఆమె కూడా పద్నాలుగో ఏట దవడ పన్ను సలుపుతుంటే వాళ్లమ్మ నోట్లోంచి తీసి ఇచ్చిన చుట్టతోనే మొదలుపెట్టింది.

నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. గట్టి అంగిలి మీద క్యాన్సర్ మిగతా చోట్ల అరుదు. మన తీరంలో అది అరుదు కాదని, కారణం అడ్డపొగేనని ఆంధ్రా మెడికల్ కాలేజీ వైద్యులు 1950ల్లోనే రాశారు. డెబ్బై ఏళ్ల నాటి మాట ఇది. ఇప్పటికీ నా కుర్చీలో నోరు తెరిచిన పెద్దావిడ అంగిలి చూసి, ఏమీ అడగకుండానే ఆమె అడ్డపొగ కాలుస్తుందని చెప్పగలుగుతున్నాను. సిగరెట్ పెట్టె మీద భయపెట్టే బొమ్మ ఉంటుంది. కొట్లో విడిగా కొనే చుట్ట మీద ఏ బొమ్మా ఉండదు. అందుకే ఆ పని మేమే చేయాలనుకుంటాం. ఈ కేసులో నా మొదటి తప్పు అక్కడే జరిగింది.

మొదటిసారి ఆమె కింద దవడ పన్ను కదులుతోందని వచ్చింది. నోరు తెరిపిస్తే అంగిలి అంతా పాలిపోయి, మధ్యలో తెల్లటి మందపాటి పొర, దాని మీద ఎర్రటి చుక్కలు. నాకు గుండె జారింది. పన్ను సంగతి పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ముదిరిన అంగిలి క్యాన్సర్ ఫోటోలు ఆరో ఏడో చూపించాను. "ఇవాళే మానకపోతే ఇలా అవుతుంది" అన్నాను. ఆమె ఫోటోలను చూడలేదు, నన్నే చూసింది. "ఒగ్గీమంటే ఒగ్గీడానికి అదేటి నెత్తి మీద గంపా, దించీడానికి?" అంది. మందు రాయించుకుని వెళ్లిపోయింది. నాలుగు నెలలు మళ్లీ రాలేదు.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆమె నొప్పితో వచ్చింది, నేను భయాన్ని చేతిలో పెట్టి పంపాను. భయానికి ఆమెకు తెలిసిన మందు చుట్టే. ఆ నాలుగు నెలల్లో రోజుకు ఇంకో రెండు ఎక్కువ కాల్చానని తర్వాత తనే చెప్పింది.

నాలుగు నెలల తర్వాత ఆమెను తీసుకొచ్చింది రొయ్యలామె. గదిలోకి వస్తూనే, కూర్చోకముందే చెప్పింది: "దీన్ని నానే లాక్కొచ్చినాను డాటరమ్మా. మీరు మళ్లీ ఆ బొమ్మలు తీత్తే మాత్రం నానూ ఎల్లిపోతాను."

బొమ్మలు తీయలేదు. పన్ను తీశాను. ఇంకో రెండు పళ్లకు చికిత్స చేసి, చిగుళ్లు శుభ్రం చేశాను. మూడు విడతల్లో, రెండు వారాల్లో ఆ పని అయింది. ఆ రెండు వారాలూ చుట్ట గురించి ఒక్క మాట కూడా అనలేదు. అంగిలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడానికి మాత్రం ఒప్పించాను. క్యాన్సర్ లేదు. కణాల్లో తొలి దశ మార్పు ఉంది. ఇక్కడ ఆగితే వెనక్కి రావడానికి వీలున్న దశ. ఆ ఫలితం చెప్పిన రోజు ఆమె మొదటిసారి అడిగింది, "ఇప్పుడొగ్గేత్తే పోద్దా?" అని.

ఆ ప్రశ్నకు జవాబు మన దగ్గరే ఉంది. శ్రీకాకుళం సహా దేశంలోని మూడు జిల్లాల పల్లెల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లతో చేసిన అధ్యయనం 1986లో వచ్చింది. మానమని ఓపికగా వెంటపడి చెప్పినచోట ఎక్కువమంది మానారు, నోట్లో తెల్ల మచ్చలు కొత్తగా రావడం తగ్గింది. అంటే పల్లె జనానికి చెప్పినా లాభం లేదనే మాట తప్పని మన ఉత్తరాంధ్రలోనే తేలింది. ఆమెకు ఇదంతా చెప్పలేదు. "చాలామందికి తగ్గింది, నీకూ తగ్గొచ్చు, మూడు నెలలకోసారి చూస్తాను" అన్నాను.

తర్వాత అలవాటు ఎంత గట్టిదో కొలిచాను. ఫాగర్‌స్ట్రామ్ పరీక్ష అని ఆరు ప్రశ్నలుంటాయి, పదికి మార్కులు. ఆమెకు ఏడు వచ్చాయి. రోజుకు ఆరేడు చుట్టలే కాబట్టి లెక్క అడిగే ప్రశ్నకు ఆమెకు సున్నా. కానీ నిద్ర లేచిన ఐదు నిమిషాల్లోపే మొదటిది వెలిగిస్తుంది. జ్వరమొచ్చినా మానదు. పొద్దుటిదే వదులుకోలేనంటుంది. లెక్క చూసి తేలికపాటి అలవాటు అనుకుంటే మోసపోతాం. పైగా చుట్టలో ఆకు సిగరెట్‌లో కన్నా చాలా ఎక్కువ. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే యంత్రం ఊదిస్తే 17 చూపించింది. ఇంట్లో వంట గ్యాసు మీదే కాబట్టి అది పొయ్యి పొగ కాదు.

ఎప్పుడెప్పుడు కాలుస్తావని అడిగితే గడియారం చెప్పలేదు, మనుషుల్ని చెప్పింది. లేవగానే ఒకటి, కడుపు కదలడానికి. హార్బర్‌లో వేలం మొదలయ్యే లోపు ఎండుచేపలామెతో ఒకటి. గంప దించాక అప్ప కొట్టు దగ్గర టీతో ఒకటి. ఎండవేళ ఇంటి అరుగు మీద ఇద్దరు ముగ్గురితో కలిసి. నిప్పు కూడా ఒకరి దగ్గర ఒకరు తీసుకుంటారు. అది వాళ్లకు పలకరింపు. అది విన్నాకే నాకు అర్థమైంది: ఈ నలుగురూ లేకుండా ఆమెకు చుట్ట లేదు. ఆమెను ఒంటరిగా కుర్చీలో కూర్చోబెట్టి మానమంటే, చుట్టతో పాటు జట్టునూ మానమన్నట్టే.

"మీ వాళ్లందరినీ ఒకసారి తీసుకురాగలవా?" అన్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఐదుగురూ వచ్చారు. కుర్చీలు చాలక బల్ల మీద ఇద్దరు కూర్చున్నారు. వాళ్లలో అడ్డపొగ కాల్చేది ఎండుచేపలామె కూడా. ఆమె అందరికన్నా ముందే తేల్చి చెప్పేసింది: "నానొగ్గలేను. ఆ ముక్క ముందే సెప్పేత్తన్నాను. గానీ దాని ముందర కాల్చను. అది అడిగితే నిప్పివ్వను." ఆ రోజు అందరూ ఇచ్చిన మాటల్లో నాకు నచ్చింది ఇదే. చేయగలిగింది చెప్పింది, చేయలేనిదీ చెప్పింది.

మిగతా వాళ్లకు నేను రెండే విషయాలు గట్టిగా చెప్పాను. మొదటిది, తిట్టొద్దు, రోజూ "ఇవాళ కాల్చావా?" అని ఆరా తీయొద్దు. "ఎలా ఉంది?" అని అడగండి చాలు. రెండోది, కోరిక సముద్రపు అల లాంటిదే. లేస్తుంది, తల మీదికి వస్తుంది, మూడు నాలుగు నిమిషాల్లో విరిగిపోతుంది. ఆ కాసేపు ఆమె చేతికీ నోటికీ ఏదో పని ఇచ్చి పక్కన ఉండండి. అల గురించి జాలారి ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఐసు చిన్నామె వెంటనే పట్టుకుంది: "అంటే ఎదురెల్లకూడదు, ఆగి దాటేయాలి."

ఆ తర్వాత చిట్కాలన్నీ వాళ్లవే. వాటిలో కొన్ని నేను పుస్తకం చూసినా చెప్పలేకపోయేదాన్ని.

కడుపు సంగతి చూడండి. చుట్ట లేకపోతే పొద్దున్నే దొడ్డికి రాదని ఆమె భయం. నికోటిన్ పేగులను కదిలిస్తుంది, మానిన కొత్తలో మలబద్ధకం నిజంగానే వస్తుంది. చాలామంది మూడో రోజుకే మళ్లీ వెలిగించేది ఇందుకే, కానీ డాక్టరు దగ్గర ఆ మాట చెప్పడానికి సిగ్గుపడతారు. అప్ప సిగ్గుపడలేదు. రాత్రి చోడి (రాగి) అంబలి, లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, గంప ఎత్తేముందు పేట చివరి దాకా నడక అని చెప్పింది. నేను వారం రోజులకు ఇసబ్‌గోల్ జోడించాను. ఆ సమస్య నాలుగో రోజుకే తీరింది.

నోటికి రొయ్యలామె సోంపు, ఎండబెట్టిన ఉసిరి ముక్కలు తెచ్చింది. చీర కొంగున ముడి వేసింది. చుట్ట కూడా ఎప్పుడూ ఆ ముడిలోనే ఉండేది. చెయ్యి అలవాటుగా అక్కడికే వెళ్తుంది కాబట్టి అక్కడే ఇంకొకటి దొరకాలని ఆమె ఆలోచన. ఇది నాకు ఎంత నచ్చిందంటే, తర్వాత చాలామందికి చెప్పాను: ఖాళీ జేబు పెట్టుకోవద్దు, అగ్గిపెట్టె ఉండే చోటే సోంపు పెట్టుకోండి అని.

అన్ని చిట్కాలూ మంచివి కావు. ఐసు చిన్నామె "ఖైనీ పెట్టుకుంటే పొగుండదు కదా" అంది. ఇంకొకరు వక్క వేసిన కిళ్లీ నమలమన్నారు. ఇక్కడ మాత్రం నేను అడ్డం పడ్డాను. ఖైనీ, గుట్కా, జర్దా అన్నీ పొగాకే. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ తెప్పించేదే. అంగిలి నుంచి బుగ్గకు జబ్బును మార్చుకోవడమే అవుతుంది. స్నేహితులు ప్రేమతో చెప్పేవాటిలో ఈ వడపోత ఒక్కటి వైద్యులు చేయాలి. మిగతాదంతా వాళ్లను చేయనివ్వాలి.

మందుల విషయానికొస్తే, నికోటిన్ గమ్ ఆమెకు పనికిరాదు. నమలడానికి దవడ పళ్లు లేవు, అంగిలి పుండుగా ఉంది. అందుకే చర్మం మీద అంటించే నికోటిన్ ప్యాచ్ ఎంచుకున్నాను. రక్తపోటు, ఈసీజీ చూపించి, ఫిజీషియన్‌తో మాట్లాడి 21 మిల్లీగ్రాములతో ఆరు వారాలు, తర్వాత 14తో రెండు, 7తో రెండు అని రాశాను. హార్బర్‌లో చెమట, ఉప్పునీళ్లు, భుజం మీద తట్టల రాపిడి. చేతికి అంటిస్తే గంటలో ఊడిపోయింది. వీపు పై భాగంలో, రవిక కింద అంటించుకోవాలి, తనకు తాను అందదు. రోజూ తెల్లవారుజామున రొయ్యలామె వచ్చి అంటించేది, నిన్నటిది తీసి మడిచి పారేసేది. రోజూ ఒకే చోట కాకుండా మార్చాలని ఒక్కసారి చెప్పాను, మర్చిపోలేదు. మొదటి రాత్రుల్లో ప్యాచ్‌తో కలత కలలు వచ్చాయి, పడవ తిరగబడినట్టు. పడుకునే ముందు తీసేయమన్నాను. దాంతో లేవగానే కోరిక గట్టిగా ఉండేది. అందుకే ఆ మూడున్నర రాక చాలా ముఖ్యమైంది. ఆమె లేచి తలుపు తీసేసరికి రొయ్యలామె ప్యాచ్ పట్టుకుని అరుగు మీద ఉండేది. మొదటి చుట్ట వెలిగే ఐదు నిమిషాల్లో ఇప్పుడొక మనిషి ఉంది.

మానే రోజు వాళ్లే పెట్టారు. మార్గశిర మాసం, గురువారం. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి ఆ నెల గురువారాలు ఎంత ముఖ్యమో విశాఖలో ఎవరికీ చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున ఐదుగురూ వెళ్లి, అమ్మవారికి పసుపు కుంకుమ వేసి, ఆమె "ఇంక ముట్టను" అని ఒట్టు పెట్టుకుంది. వినగానే సంతోషించాను. ఆ ఒట్టు తర్వాత ఎంత బరువైందో అప్పుడు నాకు తోచలేదు.

మొదటి మూడు రోజులు చెడ్డగా గడిచాయి. తలనొప్పి, చిరాకు. ఎంవీపీలో పాత ఖాతాదారుతో చేపల బేరం దగ్గర గొడవ. రెండో రోజు గంప వీధిలోనే దించేసి ఏడ్చింది. ఐసు చిన్నామె ఆటో ఆపి, గంపతో సహా ఎక్కించుకుని, ఆ పూట సరుకు తనే అమ్మిపెట్టింది. పగటి పూట మాట్లాడాలనిపిస్తే చేయమని ప్రభుత్వ ఉచిత నంబరు 1800-112-356 కూడా ఆమె ఫోనులో ఎక్కించింది. రెండుసార్లు చేసిందట. పదో రోజుకు నిద్ర సర్దుకుంది. మూడో వారానికి "కూరలో ఉప్పెక్కువైపోతంది, ముందు నాకు తెలీనేదు" అంది. నాలుక రుచి తిరిగి వస్తున్న గుర్తు అది. ఊపిరి యంత్రం 3 చూపించింది. ఐదుగురూ వరుసగా ఊదారు. ఎండుచేపలామె తన అంకె చూసుకుని ఏమీ అనలేదు.

రోజూ చుట్టలకయ్యే నలభై రూపాయలు అప్ప కొట్లో ఒక డబ్బాలో పడేవి. సంక్రాంతికి ఆ డబ్బుతో మనవరాలికి పరికిణీ కుట్టించింది. ఫిబ్రవరి చివరికి ప్యాచ్‌లు అయిపోయాయి. మార్చిలో చూసినప్పుడు అంగిలి మీద ఎర్ర చుక్కలు సగం పోయాయి. కేసు బాగుందని నా పుస్తకంలో రాసుకుని, మళ్లీ జూన్‌లో రమ్మన్నాను.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట నిషేధం. విశాఖలో పుట్టి పెరిగినదాన్ని, ఈ సంగతి నాకు తెలుసు. అయినా దీన్ని ఈ కేసుతో కలిపి ఆలోచించలేదు. మేము కట్టిన సాయమంతా హార్బర్ గడియారం మీద ఆధారపడి ఉంది: మూడున్నర రాక, వేలం, టీ, గంప. వేట ఆగగానే అవన్నీ ఒకేసారి ఆగిపోయాయి. రొయ్యలామె భీమిలిలో కూతురి ఇంటికి వెళ్లింది. ఐసు చిన్నామె ఆ రెండు నెలలకూ ఇళ్లలో పనికి కుదిరింది. గిరాకీ లేక అప్ప కొట్టు మధ్యాహ్నానికే మూసేది. ఈమె ఇంటి అరుగు మీద, ఎండలో, చేతిలో పని లేకుండా, చేతిలో డబ్బు లేకుండా మిగిలింది.

మే నెలలో పక్కింట్లో ఒక చావు జరిగింది. పదో రోజున ఆడవాళ్లంతా కూర్చున్నచోట ఎవరో చుట్ట ఇచ్చారు, ఇంకెవరో నిప్పు ఇచ్చారు. "అడగనేదు, వద్దననేదు" అంది తర్వాత. ఆ రోజు ఒకటి. మర్నాడు మూడు. అలా పదకొండు రోజులు, ఎవరికీ తెలియకుండా.

ఈ పదకొండు రోజుల గురించే నేను ఎక్కువ ఆలోచించాను. ఒక చుట్ట పెద్ద విషయం కాదు. మానేవాళ్లలో చాలామంది జారతారు, మళ్లీ లేస్తారు. ఆమెకు ఒక చుట్టతో ఆగడానికి అడ్డుపడింది సిగ్గు. అమ్మవారి మీద ఒట్టు తప్పింది. నలుగురు తనకోసం ఇంత చేశారు. వాళ్ల మొహం ఎలా చూడాలి? స్నేహితుల ప్రోత్సాహం ఎంత బలమో, జారిన మనిషికి అదే అంత బరువు. ఎవరికి చెప్పాలో, చెబితే ఏమవుతుందో మొదటి ఆదివారం నాడే మాట్లాడుకుని ఉండాల్సింది. గెలుపు గురించి అన్నీ మాట్లాడాం, జారడం గురించి మాట్లాడటం అశుభమన్నట్టు వదిలేశాం. ఆ పొరపాటు నాదే.

బయటపెట్టింది ఎండుచేపలామె. కొట్లో ఈమె చుట్టలు కొంటుండగా చూసింది. అక్కడ ఏమీ అనలేదు. సాయంత్రం వచ్చి అరుగు మీద పక్కన కూర్చుంది. చాలాసేపు ఎండుచేపల ధర గురించి మాట్లాడి, లేచి వెళ్లేముందు అందట: "నాకు సెప్పొచ్చు గదే. నానూ కాల్చీదాన్నే గదా. నిన్నేటంటాను?"

ఆమె అప్పుడు ఏడ్చిందట. మానిన వాళ్లకూ, మానమని చెప్పేవాళ్లకూ చెప్పుకోలేనిది, మానలేనన్న మనిషికి చెప్పుకోగలిగింది. పొగాకు మానే వాళ్ల జట్టులో కాల్చేవాళ్లు ఉండకూడదని నేను అంతకుముందు అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోను.

ఆ రాత్రే ఇద్దరూ కలిసి అప్ప ఇంటికి వెళ్లారు. అప్ప కసరలేదు. "ఒట్టు తప్పితే తప్పు కట్టుకోవాల, అంతేగానీ చుట్ట కాల్చుకుంటా కూకుంటే అమ్మోరు మెచ్చుతాదేటి?" అంది. ఆ తర్వాతి గురువారం బురుజుపేట తీసుకెళ్లి కొబ్బరికాయ కొట్టించింది. ఈసారి ఒట్టు వద్దని అప్పే అడ్డుకుందట. "ఈ రోజు ముట్టనని సెప్పుకో, రేపటిది రేపు సూద్దాం." ఆ మాట నేను నేర్పలేదు. నేర్పి ఉంటే బాగుండేది.

నా దగ్గరికి జూన్ మొదటి వారంలో వచ్చారు. మళ్లీ ప్యాచ్, ఈసారి 14తో నాలుగు వారాలు, 7తో రెండు. వేట లేని మధ్యాహ్నాలకు పని వెతికాం. ఎండుచేపలామె పందిరిలో నెత్తళ్లు తిరగేయడానికి, ఏరడానికి మనిషి కావాలి. కూలి ఇస్తానంది. "నాను కాల్చే సోట ఎలాగ?" అని తనే అడిగి, తనే జవాబు చెప్పింది. తన చుట్టలు పొద్దున్నే అప్ప దగ్గర పెట్టి, సాయంత్రం తీసుకునేది. ఆ లెక్కన ఆమెవీ రోజుకు నాలుగైదు తగ్గాయి. నేను ఆ సంగతి గమనించినట్టు కనపడనివ్వలేదు.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్లు. ముందటేడు సగంలో ఆయాసం వచ్చి ఆగిపోయిందట. ఈసారి రొయ్యలామె, ఐసు చిన్నామెతో కలిసి బయలుదేరింది. జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రం కనిపించే చోట ప్రతి ఏడూ కూర్చుని చుట్ట వెలిగించేవాళ్లు. అక్కడ కూర్చోకుండా నడుచుకుంటూ సోంపు పంచుకున్నారు. తెల్లారేసరికి ప్రదక్షిణ పూర్తయింది. మర్నాడు పాదాల బొబ్బలతో నా దగ్గరికి వచ్చి యంత్రం ఊదుతానంది. 2.

నేను ఇది రాసే నాటికి మొదటిసారి మానిన దగ్గర్నుంచి పద్నాలుగు నెలలు, రెండోసారి మానిన దగ్గర్నుంచి ఎనిమిది నెలలు. అంగిలి మీద ఎర్ర చుక్కలు లేవు. తెల్ల పొర మూడో వంతు మిగిలింది. రెండోసారి తీసిన ముక్కలో కణాల మార్పు కనపడలేదు. మిగిలిన మచ్చ పూర్తిగా పోకపోవచ్చు. నలభై ఏళ్ల నిప్పు అది. మూడు నెలలకోసారి నోరు చూపించుకోవడం ఆమెకు జీవితాంతం తప్పదు, అది ఆమెకు తెలుసు. వచ్చే ఏప్రిల్ 15కి ముందే అందరం కూర్చుని నిషేధం రెండు నెలలకూ ఎవరు ఎక్కడుంటారో, మూడున్నరకు ఎవరు ఫోన్ చేస్తారో రాసుకోవాలని నిర్ణయించాం. మొన్నటి వరకు వాళ్లను నలుగురు స్నేహితులు, ఒక పేషెంట్ అని లెక్కపెట్టేదాన్ని.

పోయిన వారం ఆమె ముందు చెప్పకుండా వచ్చింది. వెనకాల ఎండుచేపలామె, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. దవడ వాచి ఉంది. నేను లేచి కుర్చీ చూపించేలోపే మా ఆమె ఇద్దరికీ మధ్య నిలబడింది.

"ముందు దీని పన్ను సూడండి డాటరమ్మా" అంది. "ఇంకేటీ అడక్కండి ఇయ్యాల."

పన్ను చూశాను.